సీట్ల కింద మూటలు

"మామ్మా, బోటు సీట్ల మీద నల్ల చుక్కలు పడతాయంట గదా, ఏం పెట్టి రుద్దితే పోతాయి?"

రుద్దితే చుక్కలు పోవు, సీటు పోద్ది. ముందు అది తెలుసుకో. కూర్చో. ఆ మంచం మీద కాదు, దాని పట్టీలు తెగున్నాయి, ఇదుగో ఈ పీట లాక్కో. ఏంటది, ఫోనా? నా మాటలు ఎక్కించుకుంటావా? ఎక్కించుకో, నాకేం పోయింది. మర్చిపోకుండా ఉంటదిలే.

అవునూ, నువ్విక్కడికి వచ్చినట్టు మీ అమ్మకి తెలుసా? తెలీదా. మీ తాతకి? ఊఁ... సరేలే. పోలయ్య మనవరాలు ఈ గుమ్మం ఎక్కి ఎన్నేళ్ళయిందో. మీ ఇంటికీ నా ఇంటికీ నడుమ గట్టిగా నాలుగు గడపలు. నువ్వు పుట్టినప్పుడు నీ పొత్తిగుడ్డలు ఉతికింది ఈ చేతులేనే దుర్గా. అట్టాంటిది నువ్వు దారిలో ఎదురుపడితే నేనే తల పక్కకి తిప్పుకుని పోతన్నా ఇన్నాళ్ళూ. ముసలిదానికి చూపు ఆనట్లేదనుకున్నావేమో. ఆనుతుంది. శుభ్రంగా ఆనుతుంది.

బాపట్ల దగ్గర సముద్రపొడ్డున షికారు బోట్లంట గదా, వాటిని కడిగి తుడిచే పనంట గదా నీకు. మీ అమ్మ పంపు దగ్గర చెప్తుంటే విన్నాలే. సోమవారం నుంచేనా? ఏంటీ, ఇంకా ఖాయం కాలేదా? మరి మీ అమ్మ ఊరంతా చెప్పుకుంటందే. ఏమన్నాడు ఆ మేనేజరు? నసగకుండా చెప్పు. "లైఫ్ జాకెట్లు ఇవ్వకుండా ఇద్దరాడోళ్ళని ముంచిన పోలయ్య నీకేమవుతాడు" అన్నాడా? అట్టాగే అన్నాడా, ఆ మాటలే? నువ్వేమన్నావు? మా తాతండీ అన్నావా. అంటే, ఆలోచించి చెప్తాం, సోమవారం కనపడు అన్నాడా.

ఊఁ.

ఆ చెంబు ఇట్టా అందుకో.

సరే విను. నల్ల చుక్కలంటే ఏంటనుకున్నావు, బూజు. మురికి కాదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే పడతదే, ఆ జాతిది. కాబట్టి దాన్ని వదిలించేది ఎంతో, తడి ఆరబెట్టేది అంతకి రెట్టింపు. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త సబ్బు, ఒక గుక్కెడు వెనిగరు. అదేనే, నూడుల్సు బండోళ్ళు సీసాల్లో పెడతారే, ఆ పుల్లనీళ్ళు. పాత బనీను గుడ్డ అందులో ముంచి పిండి, చుక్కల మీద పరిచి పావుగంట వదిలెయ్. నాననియ్యాలి. నానితే సగం పని అదే చేసిపెడతది. ఆ తర్వాత పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో కుట్టు వెంబడే మెల్లగా పోనియ్. ఎవరన్నా బ్లీచింగు పొయ్యమంటే పొయ్యబాక. మరక ఠక్కున పోద్ది, నీకు సంబరంగా ఉంటది, మూడు నెలలు తిరిగేసరికి కుట్టుదారం పుచ్చి సీటు నోరు తెరుస్తది. అప్పుడు వాళ్ళు నిన్ను అడుగుతారు.

లోపల స్పాంజి ఉంటది చూడు, తడి తాగి కూర్చునేది అదే. సీటుని పడుకోబెట్టి ఆరబెట్టబాక. జిప్పు తీసి, జిప్పు కిందికొచ్చేట్టు గోడకి నిలబెట్టు. నీడన, గాలికి. ఎండలో పెట్టావా, రెక్సిను పెళుసెక్కి అప్పడంలా పగులుద్ది. బోటు ఒంటికంటావా, అది ఫైబరు. ముందు మంచినీళ్ళు. ఉప్పంతా దిగిపోయేదాకా పైనించి కిందికి మంచినీళ్ళు పొయ్యాలి, అప్పుడే గుడ్డ ముట్టుకోవాలి. ఉప్పుండగా తుడిస్తే గరుక్కాయితం పెట్టి గీరినట్టే. కొబ్బరి పీచు, ఇనప పీచు పేరెత్తబాక. నీళ్ళు తగిలే గీత దగ్గర పసుపుచార పడతది, దానికి నిమ్మచెక్క చాలు. ఆఖర్న పాలిషు. పక్కలకి పూసుకో ఎంత కావాలంటే అంత. కాళ్ళు పెట్టే చోట మాత్రం వద్దు, జారి నడుములిరగ్గొట్టుకుంటారు.

ఇవన్నీ నాకెవరు నేర్పారంటావా? ఎవరూ నేర్పలా. సీట్లు పాడుచేసి నేర్చుకున్నా. మేం చాకలోళ్ళం, మాకు బట్ట తెలుసు. రెక్సిను బట్ట కాదు, తోలూ కాదు, అదో పెంకితనం దానిది. మొదటి నెలలో ఒక సీటు సోడా పెట్టి ఉతికి నాశనం చేశా. ఆ పొన్నూరు ఆయన చూడకుండా తిరగేసి పెట్టా.

ఆయన సంగతి చెప్పలేదు గదూ. నువ్వప్పటికి ఇంకా బడికి కూడా పోవట్లా. పొన్నూరులో రైసు మిల్లాయన. పేరెందుకులే, పోయాడు. మన రేవులో షికారు బోటు పెడితే తెనాలి నుంచీ గుంటూరు నుంచీ జనం వస్తారని ఎవరో చెప్పారు ఆయనకి. తెల్లటి బోటు, ఎర్రటి సీట్లు, పైన చిన్న పందిరి. పెళ్ళికూతుర్ని దింపినట్టు దింపారు లారీ మీద నుంచి. నడపడానికి మీ తాతని పెట్టుకున్నాడు. ఈ నది మీద మీ తాతకి తెలియని ఇసకదిబ్బ లేదు, తెలియని సుడి లేదు. పల్లెకారోళ్ళ ఇంట పుట్టి, నడక రాకముందే పడవెక్కినోడు. కడిగి తుడవడానికి ఎవరన్నా ఉన్నారా అంటే మీ తాతే నన్ను చూపించాడు. "మా అక్కుందండి, ఆవిడ చెయ్యి పడితే మసిగుడ్డ కూడా మల్లెపువ్వు అవుద్దండి" అన్నాడు. అక్క అని పిలిచేవాడు నన్ను. కులం వేరైతే ఏం, తోడబుట్టినోడికంటే ఎక్కువ చూసుకున్నాడు. నా మొగుడు తెనాలిలో ఇస్త్రీ బండి పెట్టుకుని అక్కడే జబ్బుచేసి పోతే, శవాన్ని తీసుకురావడానికి నాతో వచ్చింది ఎవరనుకున్నావు? మీ తాతే. బస్సోళ్ళు శవాన్ని ఎక్కించుకోం అంటే కాళ్ళావేళ్ళా పడి ఆటో మాట్లాడాడు. వల అల్లే కండె కూడా చేతిలోనే ఉంది, దారి పొడుగునా అది అట్టా పట్టుకునే కూర్చున్నాడు. అట్టాంటి మనిషి.

ఏం చెప్తన్నా? ఆఁ, బోటు. రోజుకి నూట ఇరవై ఇచ్చేవాడు. అప్పట్లో అది మంచి కూలే. కొలకలూరు పొలాల్లో నాట్లకి పోతే తొంభై ఇచ్చేవోళ్ళు, అదీ నడుములు పడిపోయేదాకా వంగితే. నాకిది హాయిగా ఉండేది. పొద్దున్నే బోటు కడగడం, సీట్లు తుడవడం, మధ్యాహ్నం రేవులో నా బట్టలు నేను ఉతుక్కోవడం. గర్వంగా కూడా ఉండేదే, ఎందుకు అబద్ధం. జనం ఎక్కగానే సీటు మీద చెయ్యేసి చూసుకునేవాళ్ళు, కొత్తదా అని. నేను ఒడ్డున బట్టలు జాడిస్తా ఒక కన్ను అటు వేసుకుని ఉండేదాన్ని.

ఆ బోటులో జాకెట్లుండేవి. నాకు జాకెట్టంటే రవికే, మీ తాత చెప్తే తెలిసింది, నీళ్ళలో తేలే జాకెట్లంట. కాషాయం రంగు, లోపల అట్టల్లాంటివి. ఇరవై. మొదట్లో సీట్ల మీద ఒక్కోటి పడేసి ఉండేవి. ఎక్కినోళ్ళు వేసుకునేవాళ్ళు కాదు. చెమట కంపు అనేవాళ్ళు. ఆడోళ్ళు చీర నలుగుద్దనేవాళ్ళు. తీసి కింద పడేసేవాళ్ళు, పిల్లకాయలు తొక్కేవాళ్ళు, ఆ కాషాయం రంగు సీట్లకి అంటేది. ఒకరోజు మిల్లాయన వచ్చి చూసి గయ్యిమన్నాడు. "ఏంటమ్మా ఈ సంత? బోటు ఎక్కగానే ఇవి కనపడితే జనం జడుసుకోరా? కడిగి శుభ్రంగా ఎక్కడన్నా సర్దు" అన్నాడు. అంతే అన్నాడు. కట్టమనలా. అది నాది. అది పూర్తిగా నాదే.

ఆ ఫోను ఇంకా ఎక్కుతుందా? ఎక్కనియ్.

మా అత్తది వేమూరు. పని రాక్షసి. మా పెళ్ళయిన వారానికే రేవుకి తీసుకెళ్ళి ముడి నేర్పింది. బట్ట ఉతకడం కాదే, ముడి. "ఉతకడం ఊళ్ళో అందరికీ వచ్చు, మూట మనకే వచ్చు" అనేది. ఉతికి ఆరేసి మడతపెట్టిన బట్ట మళ్ళీ ఆ ఇంటి గుమ్మంలో విప్పేదాకా నలగకూడదు, దుమ్ము పడకూడదు, దారిలో ఒక్క గుడ్డ జారకూడదు. జారిందంటే ఎవరి చీర ఎవరింటికి పోద్దో, ఆ తగువులు నువ్వు చూళ్ళా. అందుకని ఆ ముడి. గుడ్డకి నాలుగు కొసలుంటాయా, మూడు కొసలు బిగించి కట్టేస్తాం. నాలుగోది మాత్రం మెలేసి లోపలికి దోపేస్తాం, పైకి కనపడదు. కుక్క లాగినా రాదు, సైకిలు మీద నుంచి పడ్డా రాదు. తడిస్తే మరీను, రాయి అవుద్ది. కానీ ఆ దోపిన కొస బయటికి తీసి ఒక్క లాగు లాగావనుకో, మొత్తం ఇట్టే విడిపోద్ది. గుమ్మంలో కూర్చుని ఒక్క లాగుతో మూట విప్పితే ఇంటోళ్ళు అట్టా చూస్తా ఉండేవాళ్ళు. ఆ చిన్న గొప్ప మాకుండేది.

నేను ఆ జాకెట్లన్నీ కుంకుడురసంలో నానబెట్టి ఉతికా. నీడన ఆరబెట్టా. మడతపెట్టి, ఐదేసి చొప్పున నాలుగు మూటలు కట్టా, పాత చీరలు చించి. మా ముడే వేశా. నాకు ఇంకో ముడి రాదు గదా. సీట్ల కింద పెట్టెల్లా ఉండేవి, వాటిలో సర్ది పైన సీట్లు పరిచేశా. చూడ్డానికి ఎంత బాగుందో. మిల్లాయన వచ్చి భేష్ అన్నాడు.

మీ తాత ఒక్కడే అడిగాడు. పెట్టెలోకి చూసి, "ఇదేంటక్కా, ఇట్టా కట్టేశావు, అవసరమొస్తే?" అన్నాడు. "అవసరం ఇన్నాళ్ళూ ఎప్పుడొచ్చింది తమ్ముడూ, వస్తే ఒక్క లాగుకే వస్తాయిలే" అన్నా. ఒక మూట తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొస ఏదక్కా, నాకు కనపళ్ళేదే, చూపించు" అన్నాడు. నవ్వుతానే అడిగాడు. నాకు పొయ్యి మీద కూరుంది. "తర్వాత చూపిస్తాలే, కూర మాడతంది" అని వచ్చేశా.

దోసకాయ పప్పు. ఆ రోజు పొయ్యి మీద ఉంది దోసకాయ పప్పు. అది కూడా గుర్తుంది నాకు.

తర్వాత ఆయన అడగలా, నేను చూపించలా. పది రోజులయిందో, పన్నెండు రోజులయిందో. కార్తీకమాసం వచ్చింది. కార్తీకమాసమంటే తెలుసుగా, ఆదివారం వస్తే వనభోజనాలోళ్ళతో రేవు కిటకిటలాడేది. ఆ ఆదివారం కొలకలూరు నుంచి ఒక పంతులమ్మగారు, ఆవిడ తోడికోడలు, ఇంకా వాళ్ళ బళ్ళో పనిచేసేవాళ్ళు, అంతా కలిసి పదమూడు మంది వచ్చారు. ఎక్కేటప్పుడు పంతులమ్మగారు సీటు మీద చెయ్యేసి, ఒడ్డున ఉన్న నావైపు తిరిగి, "ఎంత శుభ్రంగా ఉంచావమ్మా, మా ఇంట్లో సోఫా కూడా ఇట్టా ఉండదు" అన్నారు. పులిహోర పొట్లం ఒకటి నా చేతిలో పెట్టారు. నేను దండం పెట్టా. మీ తాత బోటు తీశాడు.

సముద్రం పోటు తీస్తంది అప్పుడు. నీళ్ళు కిందికి లాగుతుంటే, నడిమధ్యలో ఎవరో వలకట్టుకి పాతిన గుంజ నీళ్ళ అడుగున ఉండిపోయింది. విరిగిన గుంజ. అది మీ తాతకి తెలియదు, ముందురోజు దాకా అక్కడ లేదు. బోటు అడుగుకి తగిలింది. నాకు ఒడ్డుకి వినపళ్ళేదు గానీ బోటు ఒక్కసారి ఆగిపోయినట్టయి పక్కకి ఒరిగింది. జనం అందరూ ఒకేవైపుకి లేచారు. లేవకూడదు. మీ తాత చేతులూపి కూర్చోమంటన్నాడు. ఆ తర్వాత చేతులు కనపళ్ళా. సీటు ఎత్తి కింద పెట్టెలో దూరాడు.

పట్టపగలే అదంతా. ఎండ కూడా బాగా కాస్తంది. నేను మోకాలు లోతు నీళ్ళలో నుంచుని చూస్తన్నా, చేతిలో ఎవరిదో దుప్పటి. ఒక మూట బయటికి తీశాడు. ఒళ్ళో పెట్టుకుని లాగుతన్నాడు. రావట్లా. నేను అరుస్తన్నా, "కొస లోపలుంది తమ్ముడూ, లోపల, లోపల" అని. ఎంత దూరమే! గాలి అటునుంచి ఇటు. వంగి పళ్ళతో పీకుతన్నాడు. అది కూడా చూశా. మూటని మూటగానే విసిరినా నీళ్ళ మీద తేలుండేదేమో, జనం పట్టుకునేవాళ్ళేమో. ఆయనకది తోచలా, ఎందుకు తోచలేదో తర్వాత తెలిసింది నాకు. అట్టా పీకతా ఉండగానే బోటు బోర్లా పడింది.

వేటకెళ్ళిన పడవలు రెండు దగ్గర్లోనే ఉన్నాయి, గబగబా వచ్చి లాక్కున్నారు జనాన్ని. మీ తాత కూడా నలుగుర్ని జుట్టు పట్టి లాక్కొచ్చి పడవ అంచు అందించాడు. పదకొండు మంది బయటపడ్డారు. పంతులమ్మగారూ, ఆవిడ తోడికోడలూ లేరు. తోడికోడలు సాయంత్రానికి దొరికింది. పంతులమ్మగారు మర్నాడు.

ఉండు. ఇంకా ఉంది. నువ్వు అట్టా చూడబాక, తల దించుకో, లేకపోతే నేను చెప్పలేను.

జనమంతా రేవు దగ్గర మూగారు. మూటలు మాత్రం నీళ్ళు లాగే వైపుకి కొట్టుకొచ్చాయి, దిగువకి, నేను బట్టలారేసే జమ్ము పక్కకి. నాలుగూ వచ్చాయి. కట్టిన మూటలు కట్టినట్టే, శుభ్రంగా, తేలతా. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. దిగి ఒక్కోటి లాక్కున్నా. కొస తీసి లాగా. ఇట్టే వచ్చేశాయే. ఒక్కొక్క లాగు. మూడోదో నాలుగోదో, దాని ముడి మీద నెత్తురుంది. గుడ్డలో పన్ను ముక్క ఇరుక్కుని ఉంది.

మీ తాతకి ముందు పళ్ళు రెండు లేవుగా. ఎందుకు లేవో మీ ఇంట్లో ఎవరన్నా చెప్పారా? పోలీసులు కొట్టారని చెప్పారా? ఊఁ. ఊళ్ళో అట్టాగే అనుకుంటారు. ఆయన కూడా అట్టాగే అనుకోనిచ్చాడు.

జాకెట్లన్నీ విప్పి ఒడ్డున చెల్లాచెదురుగా పడేశా. గుడ్డలు నాలుగూ నా ఉతుకుడు బట్టల్లో కలిపేశా. ఆ నెత్తుటి గుడ్డ అక్కడే ఉతికా. నెత్తుటి మరకకి చన్నీళ్ళు, ఉప్పు. వేడినీళ్ళు తగిలాయా, అంటుకుపోద్ది. ఆ తెలివి మాత్రం ఉంది నాకు ఆ టయానికి. శుభ్రంగా పోయింది. ఎందుకు చేశానంటావా? భయం. మొగుడు లేడని, ఇద్దరు పిల్లలున్నారని, నేను జైలుకి పోతే వాళ్ళకి కూడెవరు వండుతారని, ఇట్టా వంద చెప్పుకున్నా నాకు నేను. అవన్నీ తర్వాత అతికించుకున్నవి. ఆ నిమిషాన భయం ఒక్కటే.

మర్నాడు స్టేషనుకి పిలిచారు. మీ తాతని మూలన కూర్చోబెట్టారు. మూతి వాచిపోయి ఉంది. బతికినోళ్ళు చెప్పారంట, "జనం మునుగుతుంటే ఆయన సీటు కింద తలదూర్చి తన సామానేదో వెతుక్కుంటన్నాడండి" అని. వాళ్ళని అనడానికేముంది, వాళ్ళకి అట్టాగే కనపడుద్ది. మీ తాత ఒకటే మాట చెప్తన్నాడు, "మూటలు కట్టున్నాయి సార్. ఒక్క లాగుకే వస్తాయని మా అక్క చెప్పింది సార్. ఇదుగో వస్తది, ఇదుగో వస్తది అనే లాగాను సార్. రాలేదు" అని. అందుకే విసరలేదే ఆయన! నేను చెప్పిన మాట నమ్మి పీకతా కూర్చున్నాడు.

ఎస్సై నావైపు తిరిగాడు. "ఏమ్మా, మూటలు కట్టావా?" అన్నాడు.

"లేదండి" అన్నా. "మూటలెందుకు కడతానండి, మడతపెట్టి పెట్టెలో పెట్టానండి" అన్నా.

నోరు ఎంత శుభ్రంగా తిరిగిందో చూడు. ఒక్క తడబాటు లేదు. ఒడ్డున జాకెట్లు విడివిడిగా దొరికాయి గదా, ఇంక ఆయన మాట ఎవడు నమ్ముతాడు? మీ తాత నన్ను చూశాడు. తిట్టలా. "అక్కా" అని కూడా అనలా. అట్టా చూసి తల దించుకున్నాడు. అంతే, ఆ తర్వాత ఎవరేమడిగినా నోరు విప్పలా. కోర్టులో కూడా విప్పలేదంట. రెండేళ్ళు పడింది. మిల్లాయన బోటు అమ్మేసుకుని మళ్ళీ ఈ వైపు రాలా. మీ తాత తిరిగొచ్చాక పడవ ఎక్కలా. మీ నాయన ఎంత బతిమాలినా నీళ్ళ వైపు పోలా. ఇదుగో ఇప్పుడు మీ అరుగు మీద కూర్చుని వలలు బాగుచేస్తాడే, అదీ ఎవరన్నా తెచ్చిస్తేనే. నడిచేవాళ్ళు అటు చూసి "వాడే" అనుకుంటా పోతారు. ఇప్పుడు నీ దాకా వచ్చింది. నీ కూటి దాకా వచ్చింది.

పంతులమ్మగారిచ్చిన పులిహోర పొట్లం ఆ రోజంతా నా బట్టల గుట్ట మీదే ఉంది. తినలేకపోయా. పారెయ్యలేకపోయా. మర్నాడు చీమలు పట్టాయి.

నేను వెళ్ళి చెప్పొచ్చు. ఎప్పుడన్నా వెళ్ళి చెప్పొచ్చు. పొద్దున లేస్తే అనుకుంటా, ఇవాళ పోతా, పోలయ్య కాళ్ళ మీద పడతా అని. నాలుగు గడపలే. రేవుకి పోయేటప్పుడు మీ ఇంటి ముందు నుంచి పోకుండా చుట్టుతిరిగి పోతన్నా. నువ్వు నా గుమ్మంలోకి వచ్చి, "మామ్మా, మరకలెట్టా పోతాయి" అని అడిగితే... నీకు నేనే దొరికానా అమ్మా. ఈ ఊళ్ళో నీకు ఇంకెవరూ దొరకలేదా.

ఏడవబాక. నువ్వు ఏడిస్తే నేను ఏం చెయ్యను. తిట్టు. తిట్టాలనిపిస్తే తిట్టు, తప్పులేదు.

ఆ ట్రంకుపెట్టె తియ్యి. అడుగున, దుప్పటి కింద. పచ్చ గుడ్డ ఒకటి ఉంటది, అంచు లేని చీర ముక్క. ఆఁ, అదే. అదే ఆ గుడ్డ. చూడు, వెలుతురుకి పట్టుకుని చూడు. ఎక్కడన్నా మరక ఉందా? లేదుగా. నేనే ఉతికాగా. ఇంక సాక్ష్యమంటే నా నోరొక్కటే. అందుకే ఆ ఫోను ఆపొద్దన్నా. ఆ మేనేజరుకి వినిపించు. ఎవరికి వినిపించినా నాకు పర్లేదు. అరవై దాటాయి, నన్నేం చేస్తారు. సోమవారం నీతోపాటు బాపట్ల బస్సెక్కి వస్తా, ఆయన ముందు నుంచుని చెప్తా. మూట కట్టింది నేను, విప్పి దాచింది నేను, ఈ పిల్ల తాత ఏ పాపం చెయ్యలేదని.

ఆ రెండు జామకాయలు ఇటియ్యి. నీ సంచీలో ఆ స్వెట్టరు కూడా. ఈ పచ్చ గుడ్డలో ఇట్టా పెట్టి, ఇట్టా మూడు కొసలు... ఇదుగో, ఇది నాలుగోది. దోపేశా. ఇప్పుడు విప్పు. లాగు. గట్టిగా లాగు, మొహమాటపడబాక. రాదు. గోళ్ళు విరుగుతాయి, ఇంక చాల్లే, రాదు. ఇంకా లాగితే మీ తాత చేసిందే చేస్తావు.

వేలు ఇక్కడ పెట్టు. నా వేలు పక్కన. తగిలిందా, చిన్నగా, ఎలక తోకలా? దాన్ని బయటికి తియ్యి. ఇప్పుడు లాగు.

వచ్చిందా.

అంతే అమ్మా. అంతసేపే.

నువ్వు పనిలోకి వెళ్ళాక ఎవరేం చెప్పినా సరే, యజమాని చెప్పినా సరే, ఆ జాకెట్లని కట్టబాక. కంపు కొట్టనీ, నలగనీ, సీట్లకి రంగు అంటనీ. అడ్డదిడ్డంగా కాళ్ళకి తగిలేట్టు పడుండనీ. సీటు మీద మరకుంటే ఉంది. చల్లగా ఉండు తల్లీ, నీ చేతి మీదుగా ఎవరికీ ఏం కాకుండా, నీ పేరు నీకు మిగిలేట్టు నూరేళ్ళు బతుకు.

ఇంక చెయ్యియ్యి, లేపు. మోకాళ్ళు పట్టేసినయ్యి. ఆ గుడ్డ నా చేతికియ్యి, నేనే పట్టుకొస్తా. నాలుగు గడపలేగా, మెల్లగా నడుస్తాలే. అరుగు మీదే ఉంటాడుగా ఈ టయానికి? తిడతాడో, మొహం తిప్పుకుంటాడో, ఆయనిష్టం. ఆ రోజు నన్ను ఒక్కటే అడిగాడు, కొస ఎక్కడుందో చూపించక్కా అని. తర్వాత చూపిస్తానన్నా.

పద. చూపిస్తా.